బుగ్గల్లో పట్టేంత గాలి

తిరువళ్ళూరులో మూడు రోజులు ప్రథమ చికిత్స క్లాసు ఉంది, తప్పకుండా రావాలి అని ఆఫీసు నుంచి కబురు వచ్చినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు. వాన వస్తే తడిసేదాన్ని, ఎండ వస్తే ఆరేదాన్ని. రమ్మన్నారు కాబట్టి పోవాలి అనుకున్నాను, అంతే.

మాది ఆర్.కె.పేటకు అవతల ఒక పల్లె. పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే సత్తుణవు కేంద్రాలు ఊరూరా తెరిచిన కొత్తల్లో మా ఊరి కేంద్రానికి నన్ను వేశారు. పదో తరగతి దాకా చదివిన ఆడది మా పల్లెలో నేనొక్కదాన్నే. వంట కుప్పమ్మది. బియ్యం కొలిచి ఇవ్వడం, పిల్లల చేత చేతులు కడిగించడం, వరసగా కూర్చోబెట్టడం నా పని. సాంబారులో ఉప్పు చూడటం మాత్రం కుప్పమ్మకే వదిలేశాను. నాకు నాలుక మీద ఉప్పు తెలియడం మానేసి ఏడాది దాటింది. వేడి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, ఉప్పు తెలియదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వేపమండలు తెచ్చి మంత్రం వేయిస్తారు. మా ఊళ్ళో దేనికైనా మందు చాలా తొందరగా దొరుకుతుంది.

ఆ ముందటేడు ఎండాకాలం, చిత్తిర నెలలో మా ఆరుముగం పంపుసెట్టు బావిలో పడ్డాడు. ఐదేళ్ళవాడు. ఎప్పుడు పడ్డాడో ఎవరూ చూడలేదు. నీళ్ళ మీద చొక్కా ఉబ్బి తేలుతుంటే చూసి మా ఆయన దొరస్వామి దూకి తీశాడు. ఒడ్డున పడుకోబెట్టినప్పుడు నేను పొట్ట మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెచ్చగా ఉందో, ప్రాణం ఉండి వెచ్చగా ఉందో నాకు తెలియదు.

ఆ తర్వాత చేసింది మా వైపు అందరికీ తెలిసిన వైద్యమే. నీళ్ళలో మునిగిన మనిషిని ఉప్పులో పూడ్చాలి. ముఖం ఒక్కటి వదిలి ఒళ్ళంతా కప్పితే ఉప్పు నీళ్ళను లాగేస్తుంది, ప్రాణం తిరిగి వస్తుంది. ఇది గాలిమాట కాదు, మా ఊళ్ళో దీనికి మీసాలున్న సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం పేరు వెంకటపతి. పిల్లవాడిగా ఉన్నప్పుడు చెరువులో మునిగితే, మా ఆయన తండ్రి, మా మామ ఏకాంబరమే వాణ్ణి ఉప్పులో పెట్టి బతికించాడని ఊరంతా చెబుతుంది. ఇప్పుడు వెంకటపతికి ట్రాక్టరు ఉంది, పెళ్ళాం ఉంది, వళ్ళి అనే కూతురు ఉంది. ఇక ఉప్పును ఎవరు కాదంటారు?

మా ఆరుముగానికి ప్రతి ఇంటి నుంచీ ఉప్పు వచ్చింది. ఉప్పు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇవ్వకూడదు, తగవులొస్తాయని మావాళ్ళ పట్టింపు. కింద పెడితే తీసుకోవాలి. ఆ రోజు ఆ పట్టింపు ఎవరికీ గుర్తు లేదు. చట్లతో, చేటలతో, ఒట్టి దోసిళ్ళతో కూడా తెచ్చి ఒకరి చేతుల్లో ఒకరు పోశారు. వెంకటపతి ట్రాక్టరు మీద మా మామ ఆర్.కె.పేటకు పోయి అంగడిలో ఉన్న మూట మూటగానే తెచ్చాడు. వాళ్ళ ప్రేమలో లోటు లేదు, అది నేను ఏనాడూ కాదనను. నేను బిడ్డ ముఖం దగ్గర కూర్చుని ఈగలు తోలుతూ, కళ్ళు ఎప్పుడు తెరుస్తాడా అని చూస్తున్నాను. దీపాలు పెట్టే వేళకు మా మామే "ఇంక చాల్లేమ్మా" అన్నాడు.

నేను ఏడవలేదు. పక్కింటి చెంగమ్మ నా వెనకాలే నిలబడి, "ఉప్పూ కారం తినే ఆడదేనా ఇది" అంది. ఆమె నోటికి ఏది వస్తే అది అంటుంది, తప్పు పట్టను. కర్మాంతరాలయ్యాక, ఆ బావి పక్కన సేద్యం నావల్ల కాదని మా ఆయన రేణిగుంట వైపు లారీ మీద పనికి పోయాడు. నెలకు ఒకసారి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, పోతాడు. ఇంట్లో నేనూ మా మామా మిగిలాం. నన్ను ఇంట్లోంచి కదిలించాలని, కేంద్రంలో పని కోసం పది గడపలు ఎక్కి దిగింది ఆయనే.

క్లాసుకు వచ్చేటప్పుడు ఒక గజం కోరాగుడ్డ తెచ్చుకోవాలన్నారు. దాన్ని మూలకు మూల కత్తిరిస్తే దెబ్బలకు కట్టే మూడుమూలల కట్టు వస్తుందట. ఇంట్లో గుడ్డ వెతుకుతుంటే మా మామ తన పెట్టె తెరిచి, కొత్త పంచ తీసి, సగానికి చింపి నా చేతిలో పెట్టాడు. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు కట్టుకుపోవాలని కొన్న పంచ అది.

"ఏంది మామా, కొండకు కట్టుకోవాలంటివే" అన్నాను.

"ఈ యేడు కొండకు ఎవురు పోతా ఉండారు. నువ్వు బాగా నేర్చుకో" అన్నాడు.

ఊళ్ళో అప్పటికే, మా కోడలు డాక్టరు చదువు చదవను పోతా ఉండాదని అందరికీ చెప్పేశాడు. మూడు రోజుల్లో డాక్టరును చేసే క్లాసు ఎక్కడుందో నాకు తెలియదు గానీ ఆయన సంతోషాన్ని నేనెందుకు చెరపాలని ఊరుకున్నాను. బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. అక్కడ నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

"మునెమ్మా, నీళ్ళలో పడినోళ్ళకు ఎంత ఉప్పు పెట్టాలో వాళ్ళను ఒక మాట అడిగి రా."

"ఎందుకు మామా?"

"ఆ పొద్దు తక్కువైందేమోనని నాకు ఉండాది. ఇంకో మూట తెచ్చుండాల్సింది. నేను ఒక మూటకే తిరిగొచ్చేసినా."

అప్పుడు నాకు తెలిసింది. ఆరుముగం పోయినప్పటి నుంచి మా ఇంట్లో వడ్ల బస్తా పక్కన ఒక ఉప్పు బస్తా ఉంటోంది. కరిగి తగ్గితే మా మామ మళ్ళీ నింపేవాడు. ముసలితనం, ఏదో చాదస్తం అనుకున్నాను.

తిరుత్తణిలో రైలెక్కాను. కిటికీలోంచి కొండ కనబడింది. పెట్టెలో అందరూ చేతులెత్తి మొక్కారు. నేను మొక్కలేదు. బిడ్డకు ఆ కొండమీది స్వామి పేరే పెట్టుకున్నాం, ఆయనకు తెలియని సంగతి కాదు.

తిరువళ్ళూరులో ఒక బడి హాల్లో క్లాసు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నాలాంటి ఆడవాళ్ళే వచ్చారు. మొదట ఒక డాక్టరు వచ్చి సగం అరవం సగం ఇంగ్లీషు కలిపి మాట్లాడి పోయాడు. ఆ తర్వాత అంతా నేర్పింది ఆరోగ్యమేరి అనే నర్సు. తిరుత్తణి మనిషి, ఇంట్లో తెలుగే. క్లాసులో అరవంలో చెప్పేది, నాలాంటి వాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు తెలుగులో చెప్పేది. కాలిన పుండు మీద పేడ పూయొద్దు అంది. పాము కరిచిన చోట కొయ్యొద్దు అంది. మూర్ఛ వచ్చిన వాళ్ళ చేతిలో తాళాలు పెట్టొద్దు అంది. మేం చేసేవన్నీ ఒక్కొక్కటిగా వద్దంటుంటే, ఇక మేం ఇన్నాళ్ళు బతికింది ఎట్లాగా అని నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. మా మామ పంచ ముక్కతో పక్కావిడ మోచేతికి కట్టు కట్టాను. ముడి బాగా కుదిరిందన్నారు.

రెండో రోజు ఊపిరి పాఠం. మద్రాసు నుంచి తెచ్చిన రబ్బరు బొమ్మలు రెండు, పెద్దదొకటి, పిల్లబొమ్మ ఒకటి, బల్ల మీద పడుకోబెట్టారు. నీళ్ళలోంచి తీసిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి, నోట్లో చెత్త ఉంటే వేలితో తీసెయ్యాలి, తల వెనక్కి వంచాలి, నోటికి నోరు పెట్టి ఊదాలి అని ఆరోగ్యమేరి చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెరియపాళయం వైపు నుంచి వచ్చిన ఒకావిడ లేచి, మా ఊళ్ళో అయితే ఉప్పులో పెడతాం సిస్టర్ అంది. చాలామంది తలలు ఊపారు.

ఆరోగ్యమేరి నవ్వలేదు. "ఉప్పు కూరలోకి" అంది. "నీళ్ళలో నుంచి తీసిన బిడ్డకు కావాల్సింది గాలి. మీరు ఉప్పు తెచ్చేదానికి పోయి వచ్చే లోపల బిడ్డ దగ్గర ఎవురూ ఉండరు. ఉండినా ఊరికే చూస్తా కూర్చోనుంటారు."

ఊరికే కాదు, ఈగలు తోలుతూ, అని మనసులో అనుకున్నాను. కూర్చున్నది నేనే. ఆ మాట నాకు తగిలిందా అంటే, దెబ్బ తగిలిన చోటు నాది కాదు అన్నట్టు ఉంది.

మధ్యాహ్నం ఆమె ఒక్కతే వరండాలో అన్నం తింటుంటే దగ్గరికి పోయి కూర్చున్నాను.

"ఉప్పులో పెట్టి బతికినోళ్ళు ఉండారే అక్కా. మా ఊళ్ళో ఒకడుండాడు."

"వాడు అప్పటికే ఊపిరి తీస్తా ఉండుంటాడు. ఉప్పు పెట్టకపోయినా బతికేవాడే."

"తీసినప్పుడు ఒళ్ళు వెచ్చగా ఉంటే?"

ఆమె కలుపుతున్న చెయ్యి ఆపి నన్ను చూసింది. ఎవరికి అని అడగలేదు.

"ఎంతసేపు నీళ్ళలో ఉండె?"

"తెలీదు."

"అయితే ఎవురూ చెప్పలేరమ్మా. ఊది ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. బతికేవాడు కాదని గూడా చెప్పలేను."

నాకు కావలసింది ఈ రెండింట్లో ఏదో ఒకటి. రెండూ లేవంటే ఇంక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక లేచి వచ్చేశాను.

సాయంత్రం ఒక్కొక్కరి చేతా ఊదించారు. నా వంతుకు పిల్లబొమ్మ వచ్చింది. "పెద్దోళ్ళకు ఊదినట్టు ఊదగూడదు" అంది ఆరోగ్యమేరి. "బిడ్డ రొమ్ము చిన్నది. నోరూ ముక్కూ రెండూ కలిపి నీ నోటితో మూసి, నీ బుగ్గల్లో పట్టేంత గాలి ఊదు. రొమ్ము లేస్తా ఉండాదా చూడు. మళ్ళా ఊదు." నేను ఊదాను. రబ్బరు రొమ్ము లేచింది, దిగింది. రొమ్ము మీద ఒక చేత్తో ఎట్లా నొక్కాలో చూపించింది, అదీ చేశాను. సిగ్గుపడనిది, నవ్వనిది నేనొక్కదాన్నే కాబట్టి అందరికన్నా బాగా వచ్చింది. ఆమె వీపు తట్టింది. బొమ్మ మూతిని స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి ఆవిడకు ఇచ్చాను.

తిరుగుప్రయాణంలో బస్సు దిగేసరికి మా మామ రోడ్డు మీదే ఉన్నాడు. నా చేతిలో సంచి తీసుకున్నాడు. కొంత దూరం నడిచాక అడిగాడు.

"అడిగినావా?"

"అడిగినా."

"ఏం జెప్పినారు?"

తాళాలు, పేడ, పాముకాటు అన్నీ చెప్పొచ్చు. ఇది ఎట్లా చెప్పేది? మూట కోసం ఆర్.కె.పేటకు పరుగెత్తిన మనిషికి, ఆ పరుగే దండగ అని ఏ నోటితో చెప్పేది? నాకు బాధ తెలియకపోవచ్చు గానీ ఆయనకు తెలుస్తుంది.

"మనం పెట్టింది చాలు మామా. ఉప్పు తక్కువేం గాలేదు" అన్నాను.

"అట్లనా" అన్నాడు. ఆ రోజు అన్నం మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. ఉప్పు బస్తాను మాత్రం తీయలేదు.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు పట్టుకున్నాయి. కేంద్రానికి గోడలు పెట్టేటప్పుడు వెనకాల మట్టి తవ్విన గుంత నిండిపోయింది. పూడ్పించమని నేను ఆఫీసుకు పోయిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను, వాళ్ళు తల ఊపుతూనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం వెంకటపతి ట్రాక్టరులో బియ్యం మూటలు తెచ్చి దించుతున్నాడు. నాలుగేళ్ళ వళ్ళి తండ్రి వెంట వచ్చింది. కుప్పమ్మ గిన్నెలు కడగడానికి వెనక్కి పోయి కేక పెట్టింది.

వెంకటపతి గుంతలో దిగి వళ్ళిని తీశాడు. బిడ్డ కాళ్ళూ చేతులూ వేలాడుతున్నాయి. భుజాన తలకిందులుగా వేసుకుని వానలో గుండ్రంగా తిరుగుతూ, "ఉప్పు తెండి, ఉప్పు తెండి" అని అరుస్తున్నాడు. కుప్పమ్మ అప్పుడే మా ఉప్పు చట్టి ఎత్తుకొచ్చి, అతను బిడ్డను ఒళ్ళోకి దించుకోగానే దోసిలి నిండా తీసి అతని చేతుల్లో పోసింది. అతను దాన్ని బిడ్డ ముఖానికీ రొమ్ముకూ రుద్దుతున్నాడు.

"వెంకటపతీ, బిడ్డను కింద పడుకోబెట్టు. నేను ఊపిరి ఊదతా" అన్నాను.

"పో అక్కా అట్లా. నన్ను బతికించింది ఉప్పే. నీ బిడ్డకు ఊరంతా పోసినాం గదా, నా బిడ్డకు వద్దంటావా?"

చెయ్యి పట్టుకున్నాను, విదిలించాడు. అంతలో మా మామ వచ్చాడు. కేక విని ఇంట్లో ఉప్పు బస్తా విప్పి, బుట్ట నిండా పోసుకుని తలమీద పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వానకు ఉప్పు కరిగి బుట్ట సందుల్లోంచి ఆయన ముఖం మీదా భుజాల మీదా కారుతోంది. ఈసారి తక్కువ కాకూడదని ఏడాదిన్నరగా దాచిన ఉప్పు అది.

నాకు వేరే దారి లేదు.

"మామా, ఉప్పు పనికిరాదు" అన్నాను. "ఊపిరి ఊదాల. క్లాసులో నేర్పింది అదే. బిడ్డను నాకియ్యమను మామా."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది. కోపం లేదు అందులో. నేను చెప్పిన మాట ఆయనలో ఎక్కడెక్కడికి పోయి తగిలిందో నాకు కనబడుతూనే ఉంది. అయినా ఎక్కువసేపు నిలబడలేదు.

"ఇయ్యరా బిడ్డను" అన్నాడు వెంకటపతితో. "మా మునెమ్మకియ్యి. నేను జెప్తా ఉండా."

తనను బతికించిన మనిషి చెప్పాడు కాబట్టి వెంకటపతి ఇచ్చాడు. బియ్యం గోతాల మీద పడుకోబెట్టాను. వేలితో నోట్లో బురద తీశాను. తల వెనక్కి వంచి, నోరూ ముక్కూ కలిపి నోటితో మూసి ఊదాను. రొమ్ము లేచింది. మళ్ళీ ఊదాను. ఎన్నిసార్లో తెలియదు. చుట్టూ ఎవరెవరు ఏడుస్తున్నారో వినబడలేదు. కాసేపటికి వళ్ళి కడుపు ఎగదన్నింది. పక్కకు తిప్పాను. నీళ్ళూ అన్నం మెతుకులూ కక్కి, దగ్గి, సన్నగా ఏడుపు మొదలుపెట్టింది.

వాళ్ళు బిడ్డను ట్రాక్టరులోనే తిరుత్తణి ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను కొంగుతో మూతి తుడుచుకున్నాను. అప్పుడు తెలిసింది, నా నోరు ఉప్పగా ఉంది. బిడ్డ ముఖానికి వెంకటపతి రుద్దిన ఉప్పు. నాలుకతో పెదవులు తడిమి చూశాను. ఉప్పే.

మా మామ బుట్టతో అలాగే నిలబడి ఉన్నాడు. దగ్గరికి పోయి దించుకుంటానన్నాను. ఉప్పు అని చూడకుండా, కింద పెట్టకుండా నా చేతికే ఇచ్చాడు, నేనూ అట్లాగే తీసుకున్నాను. బుట్టలో సగం కూడా మిగల్లేదు. ఇంటికి పోయాడు. ఆ రోజు తినలేదు, ఆ మరునాడు కూడా సరిగ్గా తినలేదు.

వళ్ళి బాగై ఊరికి వచ్చిన రోజు, పిల్లలందరూ అన్నాలు తిని వెళ్ళాక, మా మామ కేంద్రానికి వచ్చాడు. కుప్పమ్మ కూడా లేదు. చాప మీద కూర్చుని కాసేపు గుంత వైపు చూశాడు. ఊరివాళ్ళే కలిసి అప్పటికే దాన్ని పూడ్చేశారు.

"ఉప్పు తక్కువేం గాలేదంటివి" అన్నాడు.

"అవును మామా. తక్కువ గాలేదు."

"నన్ను చూసి జెప్పలేకపోయినావు."

"మన బిడ్డ తీసేతలికే పోయినాడో లేదో ఎవురికీ తెలీదంట మామా. ఆ నర్సమ్మను అడిగినా."

"పోనీలే" అన్నాడు. అది నమ్మాడో లేదో తెలియదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మెల్లగా ముందుకు వంగాడు. "ఆ ఊదేది నాకు గూడా నేర్పు."

గోడవారనున్న ఒట్టి గోతం చుట్టి దిండులా చేశాను. ఆయన పంచ ముక్క దాని మీద పరిచాను. పడుకోబెట్టడం చెప్పాను, నోరు శుభ్రం చెయ్యడం చెప్పాను, తల వంచడం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పెద్దవాళ్ళకైతే ముక్కు మూసి గట్టిగా ఊదాలి మామా అని చెప్పబోతుంటే ఆపాడు.

"పెద్దోళ్ళ సంగతి నాకొద్దు" అన్నాడు. "ఐదేండ్ల బిడ్డకైతే ఎంత ఊదాల?"

గోతం మీద గుడ్డ ముడతలు సరిచేశాను. "నీ బుగ్గల్లో పట్టేంత గాలి చాలు మామా" అన్నాను.

ఆయన పళ్ళు లేని బుగ్గలు నింపుకున్నాడు. వంగి, ఆ గుడ్డ మీద నోరు పెట్టి మెల్లగా ఊదాడు. తలెత్తి నన్ను చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే మామా" అన్నాను.

అప్పుడు ఏడ్చాను. ఆరుముగం పోయినప్పటి నుంచీ ఏడవనిదంతా ఏడ్చాను, మామ ముందర అని కూడా చూడలేదు. ఆయన నన్ను ఊరుకోమనలేదు. మళ్ళీ వంగి ఇంకోసారి ఊదాడు.